పద్నాలుగు దారాలు

మూడో బ్యాటరీ మూతలు విప్పి, ఆదిబాబు సీసాలోని నీళ్ళు ఒక్కొక్క గదిలో పోస్తున్నాడు. చెయ్యి వణుకుతోంది. పోయినేడు ఇంత వణుకు లేదు. అది మొదలైనప్పటినుంచి అతను సీసా మూతికి ఒక రబ్బరు గొట్టం ముక్క తొడిగాడు. గొట్టం కొస గదిలో పెట్టేస్తే చెయ్యి ఎంత వణికినా నీళ్ళు పడవలసిన చోటే పడతాయి. పర్సుడీహ్ మెయిన్ రోడ్డు మీది ఆ గ్యారేజీలో ముప్పై ఏళ్ళుగా అతని బతుకంతా ఇలాగే సాగింది. ఒంట్లో ఏదో ఒకటి తక్కువవుతుంది, దానికో గొట్టం ముక్క దొరుకుతుంది, పని నడిచిపోతుంది.

అరవై ఏళ్ళ మనిషి. పొట్టి. ఖాకీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర యాసిడ్ పడి జల్లెడలా చిల్లులు. కళ్ళజోడు ఎడమ కాడ విరిగిపోతే రాగితీగ చుట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ ఉన్న నలుపు పెళ్ళినాడు కూడా వదల్లేదని భార్య దాలమ్మ అందరికీ చెప్పి నవ్వించేది. దాలమ్మ పోయి ఆరేళ్ళయింది. గోళ్ళ గురించి మాట్లాడే మనిషి ఇప్పుడు ఎవరూ లేరు.

కార్తీకంలో వచ్చే ఛఠ్ పండగ వెళ్ళి వారం కాలేదు. పొద్దుటి చలి ఇంకా రేకుల షెడ్డు కిందే ఉంది. కార్ఖానా సైరను ఎనిమిది కొట్టింది. ఆదిబాబు సీసా పక్కన పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని లేచి, షెడ్డు మూలకి చూశాడు. పోలరాజు ఫియట్ అక్కడే ఉంది. లోకమంతా దాన్ని ఆకుపచ్చ ఫియట్ అంటుంది. ఆదిబాబు కూడా అలాగే అంటాడు. అతను అలా అనటానికి కారణం మాత్రం వేరే ఉంది.

ఆ బండి డ్యాష్‌బోర్డు మీద చింతగింజంత బత్తీ ఒకటుంది. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. బండి నడుస్తుండగా వెలిగిందంటే లోపల ఆయిల్ సరిగా తిరగటం లేదని అర్థం. అప్పుడు ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది. పోలరాజు బండిలో నెల్లాళ్ళుగా ఆ బత్తీ తనకి ఇష్టమొచ్చినప్పుడు వెలుగుతోంది. సాక్చీ వెళ్ళేటప్పుడు రెండుసార్లు వెలుగుతుంది, వచ్చేటప్పుడు ఒక్కసారీ వెలగదు. గ్యారేజీకి తీసుకొస్తే అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడిలా బుద్ధిగా ఉంటుంది. ఇది మూడోసారి తేవటం.

పోలరాజు కార్ఖానాలో ముప్పైఏడేళ్ళు క్రేను నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. కదమాలోని క్వార్టరు నిన్న ఖాళీ చేశాడు. సామాను మూటలు కట్టి, భార్య నూకాలమ్మతో సహా రాత్రి ఆదిబాబు గదిలోనే పడుకున్నాడు. ఆదిబాబుదీ పోలరాజుదీ చుట్టరికం కాదు. పలాస పక్కన చెరో ఊరు, ఒకే రైల్లో ఒకే పెట్టెలో ఈ టాటా కార్ఖానా ఊరికి వచ్చారు. దిగేసరికి బావా అంటే బావా అనుకున్నారు.

పోలరాజు ఆలోచనంతా ఆ బండి మీదే ఉంది. అతనికి ఊళ్ళో భూమి లేదు. బండి ఉంటే పలాసలో బాడుగకి తిప్పుకుని బతుకుతాడు, లేకపోతే అక్కడ అతను చెయ్యగలిగిందేమీ లేదు. బాలేశ్వర్, కటక్, బరంపురం మీదుగా రెండు రోజుల దారి. మధ్యలో ఇంజను పట్టేస్తే అటూ ఇటూ కాకుండా పోతారు. అందుకని రాత్రి అన్నం తింటూ తేల్చేశాడు.

"బావా, ఇంజనే పోయిందన్నావనుకో, బండి పాత ఇనుము కింద కబాడీకిచ్చీసి గోవింద్‌పూర్ ఠేకేదారు దగ్గర చౌకీదారీకి ఒప్పీసుకుంటాను. నీ పక్క గది కాళీగానే ఉంది గదా, అందులో ఉండిపోతాం. ఇంజను బాగుందన్నావనుకో, రేపే ఎల్లిపోతాం. ఆ కంట్రాక్టరు సాయంత్రం అయిదు వరకే ఆగుతానన్నాడు. నాలుక్కి వచ్చి నీ మాట ఇంటాను. నువ్వేటంటే అదే."

పొద్దున్నే లేచి, క్వార్టరు తాళం అప్పగించిన రసీదు కోసం బిష్టుపూర్ వెళ్ళిపోయాడు.

ఆదిబాబుకి రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర పట్టని రాత్రులు అతనికి కొత్త కాదు గాని, నిన్నటిది వేరు. చీకట్లో ఇద్దరు మనుషుల ఊపిరి వినపడుతుంటే ఆరేళ్ళ తర్వాత ఆ గది గదిలా అనిపించింది. నూకాలమ్మ అతని స్టవ్వు మీద వండింది. పోలరాజు గురక పెట్టాడు. వీళ్ళు ఉండిపోతే బాగుండునని ఆదిబాబు మనసారా అనుకున్నాడు.

తొమ్మిదింటికి బలరామ్ వచ్చాడు. ఇంజను మిస్త్రీ, ముప్పై ఏళ్ళ వాడు, చేతిలో పానా లేకపోతే ఏం చెయ్యాలో తోచదు. ఫియట్ బానెట్ ఎత్తి ఉండటం చూసి నేరుగా అక్కడికే వచ్చాడు.

"చాచా, ఇంజన్ ఖోల్నా పడేగా. బేరింగ్ గయా హై," అన్నాడు, ఇంజను విప్పటం తప్ప దారి లేదన్నట్టు చేతులు తుడుచుకుంటూ.

"పహలే మీటర్ దే," అన్నాడు ఆదిబాబు, ముందు మీటరు ఇమ్మని చెయ్యి చాపుతూ.

బత్తీ కోసం ఇంజను పక్కన ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. ఆదిబాబు దాన్ని విప్పి, ఆ కన్నంలో బలరామ్ ఇచ్చిన ప్రెషర్ మీటరు బిగించి ఇంజను స్టార్ట్ చేశాడు. ముల్లు లేచి ఉండాల్సిన చోట నిలబడింది. ఇంజను వేడెక్కనివ్వమని బలరామ్ అన్నాడు. అరగంట తిప్పారు. ముల్లు వెంట్రుకంత దిగి ఆగిపోయింది. రోడ్డు మీద బరువు పడితే అప్పుడు తెలుస్తుందని బలరామ్ ఇంకో మాట అన్నాడు. అదీ నిజమే. నిలబడి ఉన్న బండి అన్నీ నిజాలే చెబుతుందని నమ్మకూడదు.

ఆదిబాబు స్విచ్చిని మళ్ళీ దాని చోట బిగించాడు. తీగని మాత్రం దానికి తగిలించలేదు. కొసకి నల్ల టేపు చుట్టి, దేనికీ తగలకుండా పక్కకి కట్టేశాడు. ఆ బత్తీకి వచ్చేది ఒకటే తీగ. ఆ తీగ ఇంజను ఇనుముకి తగిలితే బత్తీ వెలుగుతుంది, తగలకపోతే వెలగదు. ఆయిల్ ఒత్తిడి బాగున్నంతసేపూ స్విచ్చి ఆ రెండింటినీ విడదీసి ఉంచుతుంది. ఇప్పుడు తీగ స్విచ్చికే లేదు. అయినా బత్తీ వెలిగిందంటే అది ఇంజను తప్పు కాదు, మధ్యలో ఎక్కడో తీగ ఒరుసుకుంటోందని అర్థం. వెలగకపోతే బలరామ్ మాటే నెగ్గుతుంది.

బండి ఎక్కటానికి అతను ముందు ఎడమ కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి. పెట్టుకున్నాడు. హాతా రోడ్డు పట్టాడు.

కరన్‌డీహ్ సంత దగ్గర విస్తరాకుల కట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు రోడ్డు దాటే వరకు ఆగాడు. బొగ్గు బస్తాలు వేలాడేసిన సైకిలుని ఒకతను తోసుకుపోతున్నాడు. సంత దాటితే రోడ్డు గుంటలు. ఆదిబాబు కళ్ళు రోడ్డు మీద సగం, బత్తీ మీద సగం పెట్టి నడిపాడు. మొదటి గుంట, రెండో గుంట. మూడో గుంటలో చక్రం దిగగానే బత్తీ వెలిగింది. రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయింది.

అతను బండి పక్కకి తీసి ఇంజను ఆపేశాడు.

ఇంజను బాగుంది. ఆ సంగతి ఈ లోకంలో ఇప్పుడు తెలిసింది తనొక్కడికే. తీగ ఒరుసుకున్న చోటు వెతికి ఒక కొత్త తీగ వేస్తే అయిపోయింది, గంట పని. స్టీరింగు మీద చేతులు పెట్టి, చేతుల మీద తల పెట్టుకున్నాడు.

ముప్పైఏడేళ్ళ కిందట కార్ఖానా మెడికల్ పరీక్షకి ఇద్దరూ ఒకే రోజు వెళ్ళారు. పోలరాజు ముందు వెళ్ళి నవ్వుతూ బయటికి వచ్చాడు. తర్వాత ఆదిబాబు. కళ్ళ డాక్టరు ఒక పళ్ళెంలో ఊలు పోగులు పోసి ఎర్రవన్నీ ఏరమన్నాడు. ఆదిబాబు శ్రద్ధగా ఏరాడు. డాక్టరు ఆ కుప్పలోంచి సగం పోగులు తీసి పక్కన పెట్టి, ఇవి ఆకుపచ్చవి అన్నాడు. ఆదిబాబుకి రెండూ బురద రంగే. ఇరవై మూడేళ్ళ వరకు తనకి ఒక రంగు తక్కువని అతనికి తెలియదు. కాగితం మీద ఏదో రాసి పంపించేశారు. కార్ఖానా గేటు లోపల అతను మళ్ళీ అడుగు పెట్టలేదు.

కడుపుకి ఏదో ఒక పని కావాలి గదా. దొరికింది మోటారు వైరింగు పని. రంగులు తెలియనివాడికి రంగురంగుల తీగల పని. ఆ మాట ఎవరికైనా తెలిస్తే పొమ్మంటారు. తెలిసింది పోలరాజు ఒక్కడికే. ఆదివారం ఆదివారం వచ్చి పక్కన కూర్చునేవాడు. కొత్త తీగల కట్ట విప్పి ఆదిబాబు ఒక్కొక్కటే చూపించేవాడు. ఎరుపైతే ఎరుపు, పచ్చయితే పచ్చ అని గొంతు తగ్గించి చెప్పేవాడు పోలరాజు. ఎర్ర తీగకి తెల్ల నూలుపోగుతో ఒక ముడి, ఆకుపచ్చకి రెండు ముళ్ళు వేసుకునేవాడు ఆదిబాబు. ఆ ముళ్ళు చూసి, ఇదేదో గట్టి పద్ధతి కాబోలని పర్సుడీహ్‌లో మిగతా వైరింగు మిస్త్రీలు కూడా ముళ్ళు వెయ్యటం మొదలుపెట్టారు. ఎందుకని ఒక్కడూ అడగలేదు.

ముప్పై ఏళ్ళలో పోలరాజు ఆ సంగతి పొరపాటున కూడా ఎక్కడా నోరు జారలేదు. అలాంటి మనిషిని పంపించెయ్యాలంటే రెండు ముక్కలు చెప్పాలి. ఉంచుకోవాలన్నా రెండు ముక్కలే. ఇంజను పోయింది అంటే చాలు, బలరామ్ సంతోషంగా అవునంటాడు. పోలరాజు మారుమాట్లాడడు. రేపు సాయంత్రం నుంచి పక్క గదిలో గురక వినపడుతుంది.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. వెనక లారీ హారను కొడితే బండి తిప్పుకుని వచ్చాడు.

గ్యారేజీలో నూకాలమ్మ ఒక పాత టైరు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిను క్యారియరు. పొడుగాటి మనిషి, మెడ మీద ఎముకలు కనిపిస్తున్నాయి. బలరామ్ భోజనానికి వెళ్ళాడు. ఆమె గిన్నెలు విప్పి పెట్టింది. అన్నం, ఎండు నెత్తళ్ళ ఇగురు.

"తిను అన్నా. సల్లారిపోతాది."

ఆదిబాబు చేతులు మట్టితో రుద్ది కడుక్కుని కూర్చున్నాడు. ఆమె దగ్గింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

"బత్తీ సంగతేటయింది?"

"సూత్తన్నాను సెల్లీ."

ఆమె ఇంకొంచెం ఇగురు వడ్డించింది.

"నాకు ఎల్లిపోవాలనుంది అన్నా. అబద్దం ఎందుకు. ముప్పయ్యయిదేళ్ళు ఈ పొగలో ఉన్నాను. మా సెల్లి గుమ్మంలో కూకుని నాలుగు మాటలాడుకోవాలనుంది. ఇక్కడ ఈదిలో పిల్లల్ని నాను తెలుగులో పిలిత్తే ఆళ్ళు హిందీలో జవాబు సెప్తారు. నవ్వుతారు కూడాను."

ఆదిబాబు తల ఊపాడు.

"గానీ నీకేటవుద్దో నాకు తెల్దేటి. రాత్రి నువ్వు పడుకోనేదు, నాను సూత్తనే ఉన్నాను. నువ్వు ఇంజను పోయిందన్నావనుకో, నాను నిన్నేటీ అనుకోను. ఉండిపోతాం. అది సెప్పడానికే వచ్చినాను."

ఆదిబాబు చెంబు అందుకున్నాడు. నీళ్ళు తాగాడు. ఆమె జవాబు కోసం చూడలేదు. గిన్నెలు కడిగి, బోర్లించి, క్యారియరు బిగించుకుని వెళ్ళిపోయింది. ఆమె దగ్గు సందు మలుపు దాకా వినపడింది.

తర్వాత అతను బానెట్ కింద వంగి తీగ వెంట వేళ్ళు పోనిచ్చాడు. అతనికి తీగని కంటితో చూడటం కంటే వేలితో తడమటమే అలవాటు. డ్యాష్‌బోర్డు వెనకనుంచి వచ్చి, ఇంజనుకీ సీట్లకీ మధ్యనున్న రేకు గోడ కన్నం దాటి, ఇంజను పక్కగా కిందికి దిగింది. అంతవరకు తొడుగు బాగానే ఉంది. ఆయిల్ కొలిచే పుల్ల ఉండే గొట్టం దగ్గరికి వచ్చేసరికి వేలికి ఏదో గట్టిగా తగిలింది. కుంకుడుకాయంత ఉండ. అతను టార్చి వేశాడు.

అది తను కట్టిన దారమే.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు ఆ ఊళ్ళో ఎవడూ పనిముట్టు ముట్టుకోడు. గ్యారేజీలో బళ్ళన్నీ కడిగి బారుగా నిలబెడతారు. ఎవరి పని ఎక్కడో అక్కడ వాళ్ళు పూజ దారం కట్టాలి. ఇంజను మిస్త్రీ ఇంజను మూతకి, టైరు మిస్త్రీ చక్రానికి, ఆదిబాబు తీగలకి. పాత దారం తియ్యకూడదు, దాని మీదే కొత్తది కట్టాలి. పోలరాజు ఆ బండి కొన్నది డెబ్భైలో. ఆ ఏటినుంచి ఈ ఏటివరకు ఆదిబాబు తన మొదటి దారం ఎప్పుడూ ఆ బండికే కట్టాడు. ఆ తీగనీ ఆ గొట్టాన్నీ కలిపి మూడు చుట్లు చుట్టి, పంటితో లాగి బిగించేవాడు. మిగతా బళ్ళకి అంత బిగించేవాడు కాదు. వదులుగా కడితే పోలరాజు బండికి మనసులేకుండా కట్టినట్టు అనిపించేది.

పద్నాలుగు దారాలు. ఆయిల్ తాగి, వేడికి కాగి, ఏటికేడు బిగుసుకుని చెక్కలా అయిపోయాయి. ఆ బిగువుకి తీగ తొడుగు అరిగి, లోపలి రాగి బయటపడింది. గుంటలో చక్రం దిగినప్పుడల్లా ఇంజను ఊగుతుంది, రాగి వెళ్ళి గొట్టానికి తగులుతుంది, బత్తీ వెలుగుతుంది. ఇంజనూ ఆయిలూ బేరింగూ ఏమీ కాదు. నెల్లాళ్ళుగా పోలరాజుకి నిద్ర లేకుండా చేసింది ఆదిబాబు ముడి.

అతను టార్చి ఆర్పాడు. నవ్వొచ్చింది గాని బయటికి నవ్వులా రాలేదు. సిగ్గు కూడా వేసింది. అన్నిటికంటే ఎక్కువగా అలసట వేసింది. ఇదంతా ఇక్కడే వదిలేసి బానెట్ మూసెయ్యొచ్చు. టార్చి వేసి చూస్తే తప్ప ఎవరికీ కనపడదు.

బలరామ్ పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు.

"కుఛ్ మిలా, చాచా?" అన్నాడు, ఏమైనా దొరికిందా అని.

ఆదిబాబు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నూకాలమ్మ గిన్నెలు కడిగిన తడి ఇంకా నేల మీద ఆరలేదు.

"బ్లేడ్ దే," అన్నాడు.

బ్లేడు ఎక్కడ పెడుతున్నాడో చూసి, పూజ దారం కొయ్యొద్దని బలరామ్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "పూజా కా ధాగా హై చాచా. మత్ కాటో."

"మైనే హీ బాంధా థా," అన్నాడు ఆదిబాబు. నేనే కట్టాను, నేనే కోస్తాను అన్నట్టు చెయ్యి విడిపించుకున్నాడు.

దారాలు ఒక పట్టాన తెగలేదు. రెండు బ్లేడులు మొద్దుబారాయి. చివరికి ఉండ మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టాడు. కొత్త తీగ తీసి ఇనుముకి ఎక్కడా ఆనకుండా దూరంగా తిప్పి తెచ్చి, స్విచ్చికి బిగించాడు. మళ్ళీ హాతా రోడ్డు ఎక్కి అవే గుంటల్లో నడిపాడు. బత్తీ వెలగలేదు. వెనక్కి తిప్పి ఇంకోసారి నడిపాడు. వెలగలేదు. మూడోసారి కూడా వెళ్ళాడు. ఆ మూడోసారి వెళ్ళటం పని కోసం కాదని అతనికి తెలుసు.

నాలుగు కాకముందే పోలరాజు వచ్చేశాడు. పొడుగైన మనిషి. ముప్పైఏడేళ్ళు క్రేను గదిలోంచి కిందికి చూసి చూసి మెడ ముందుకి వంగిపోయింది, ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడినా నేలమీద ఏదో వెతుకుతున్నట్టే ఉంటుంది. రసీదు జేబులో పెట్టుకుంటూ వచ్చి, బండి ముందు నిలబడ్డాడు.

"ఏటి బావా?"

"తీగే."

"ఇంజను?"

"దానికేటీ నేదు. ఇంకో పదేళ్ళు తిరుగుద్ది."

పోలరాజు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. సంతోషించాల్సిన మనిషి. అతని ముఖంలో సంతోషం వెంటనే రాలేదు. ఆదిబాబు అది చూశాడు, చూడనట్టు పానా తుడుచుకున్నాడు.

"అయితే ఎల్లిపోవాలన్నమాట," అన్నాడు పోలరాజు.

"ఎల్లాల. నూకాలమ్మ సెల్లి ఎదురు సూత్తంది."

"ఏటయిందసలు?"

ఆదిబాబు బల్ల మీది ఉండ తీసి అతని చేతిలో పెట్టాడు.

"నా దారాలే బావా. పద్నాలుగేళ్ళు నానే బిగించి బిగించి కట్టీసినాను. అదే తీగని కోసీసింది. నువ్వు నెల్లాళ్ళు బయపడింది నా వల్ల."

పోలరాజు ఆ ఉండని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలి గోరు గుచ్చి రెండుగా చీల్చబోయాడు. సగం విచ్చుకుంది, సగం విచ్చుకోలేదు.

"ఎంత గట్టిగా కట్టినావు బావా," అన్నాడు మెల్లగా. తర్వాత, వెనకటి ఆదివారాల్లోలాగే గొంతు తగ్గించి, "లోన ఇంకా ఎర్రగానే ఉంది," అన్నాడు.

ఉండని బల్ల మీద పెట్టేశాడు.

రాత్రి భోజనాల వేళకి రాయ్‌రంగ్‌పూర్ చేరితే అక్కడ నూకాలమ్మ పిన్ని కొడుకు ఉన్నాడు, రాత్రికి అతని ఇంట్లో ఆగుతారు. రిక్షా మీద మూటలు తెచ్చి బండి మీద కట్టారు. నూకాలమ్మ వెనక సీట్లో మూటల మధ్య సర్దుకుంది. ఆదిబాబు వైపు ఒకసారి చూసి, కొంగుతో నోరు మూసుకుంది. దగ్గు కోసమే అన్నట్టు. అతని గది తాళం చెవి తిరిగిచ్చేస్తూ, "అన్నం గిన్నెలో ఉంది అన్నా, రాత్రికి ఏడి సేసుకో," అంది.

పోలరాజు తాళం తిప్పాడు. బత్తీ వెలిగింది, ఇంజను అందుకుంది, బత్తీ ఆరింది. అతను బ్రేకు మీద కాలు పెట్టి అలాగే కూర్చున్నాడు.

"మరి దారం కట్టవా?"

ఆదిబాబు లోపలికి వెళ్ళి, పూజలో మిగిలిన దారం ఉండ వెతికి తెచ్చాడు. ప్రతి ఏడూ అడిగినట్టే దాన్ని కిటికీలోంచి చూపించాడు.

"ఇది ఎరుపే గదా?"

"ఎరుపే బావా."

ఈసారి బానెట్ ఎత్తలేదు. లోపలికి చెయ్యి పెట్టి స్టీరింగు కాడకి ఒక చుట్టు చుట్టి, వదులుగా ముడి వేశాడు. పోలరాజు ఆ ముడినే చూస్తున్నాడు.

"రేపటేల నుంచి రంగులెవలు సెప్తారు నీకు?"

"ముళ్ళున్నాయి గదా, ఎరుపుకి ఒకటి, పచ్చకి రెండు. పోనీ, పొద్దు పోతంది."

పోలరాజు ఇంకేదో అనబోయి, మెడ ఇంకా వంచి, గేరు వేశాడు. బండి కరన్‌డీహ్ వైపు మలుపు తిరిగింది. ఆదిబాబు రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. గుంటలు సంత దాటాక వస్తాయి. బత్తీ వెలిగితే పోలరాజు ఆపేస్తాడు, ఆపితే ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. అరగంట చూశాడు. ఎవరూ రాలేదు. సైకిళ్ళ మీద డ్యూటీ దిగి ఇళ్ళకి పోయేవాళ్ళు గంటలు కొట్టుకుంటూ అతన్ని తప్పించుకుని పోయారు.

లోపలికి వచ్చేసరికి బలరామ్ షెడ్డులో దీపం వేసి వెళ్ళిపోయాడు. నాలుగో బ్యాటరీ పొద్దున్నించి అలాగే ఉంది. ఆదిబాబు మూతలు విప్పి, సీసాకి గొట్టం ఉందో లేదో చూసుకుని, ఆరు గదుల్లోనూ నీళ్ళు పోశాడు. మూతలు బిగించాడు. చేతులు కడుక్కున్నాడు. ఇంక చేసేందుకు ఏమీ మిగల్లేదు.

బల్ల మీది దారాల ఉండ తీసి దీపం కిందికి తెచ్చాడు. పైనంతా నలుపు. పోలరాజు గోరు గుచ్చిన చోట చిన్న నోరులా విచ్చుకుని ఉంది. లోపలికి చూశాడు. బురద రంగు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. బురద రంగే.

సొరుగులోంచి తెల్ల నూలుపోగు తీశాడు. చెయ్యి వణుకుతుంటే మోచెయ్యి బల్లకి ఆనించుకున్నాడు. చాలాసేపు పట్టింది. తర్వాత దీపం ఆర్పి, తలుపు దగ్గరికి వేసి, గదికి నడిచాడు.

తీగలు వేలాడేసే మేకుకి ఆ నల్లటి ఉండ వేలాడుతోంది, దానికి తెల్ల నూలుపోగుతో ఒకే ఒక్క ముడి.